మీటరు సరిగానే ఉన్నది

ఏ ఇంటికి వెళ్ళినా శాలేమురాజు ముందు గుమ్మం వైపు చూడడు. మీటరు వైపు చూస్తాడు. ఎడమ అరచేతిని దొప్పలా వంచి, అద్దం మీద నీడ పడేలా పట్టి, తల కాస్త పక్కకు వాల్చి అంకెలను పైకి చదువుతాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి గొంతు తగ్గుతుంది. ఆ తరువాతే "ఏమండీ, ఉన్నారా" అని పిలుస్తాడు. పెళ్ళికి వెళ్ళినా అంతే. ఒకసారి పరామర్శకు వెళ్ళి, శవం ఇంకా వాకిట్లో ఉండగానే అలా చదివాడని ఆయన భార్య హెలెన్ ఇప్పటికీ దెప్పుతుంది.

తెనాలిలో ముప్పై నాలుగేళ్ళు కరెంటు మీటర్లు చదివాడు. రిటైరై పదేళ్ళయింది. కాపురం మాత్రం మొదటినుంచీ రేపల్లెలోనే. హెలెన్ అక్కడి బడిలో టీచరు కావడంతో రోజూ రైల్లో వచ్చి, రైల్లో పోయేవాడు. ఉద్యోగం పోయినా రైలు పోలేదు. ఇప్పుడాయన చదివేవి తొమ్మిది మీటర్లు. తెనాలిలో నాలుగు, బాపట్లలో మూడు, రేపల్లెలో రెండు. ఆ ఇళ్ళు కొన్నవాళ్ళు ఎవరూ ఇక్కడ ఉండరు. మస్కట్‌లో ఒకరు, సింగపూర్‌లో ఒకరు, మెల్‌బోర్న్‌లో ఇద్దరు, అలా. ఫోనులో ఇల్లు చూసి, ఫోనులో బేరమాడి, నాలుగు రోజుల సెలవు మీద వచ్చి రిజిస్ట్రేషనుకు సంతకం పెట్టి, తాళాలు ఈయన చేతిలో పెట్టి విమానమెక్కినవాళ్ళు.

ఇల్లు కొనడం నాలుగు రోజుల పనే. కొన్న ఇంటిని ఊరి చేత ఒప్పించడం వేరే పని. ఇంటి పన్ను పాత యజమాని పేరునే వస్తూ ఉంటుంది, మార్పించాలి. కరెంటు సర్వీసు మార్పించాలి. కుళాయి మార్పించాలి. మూడు ఆఫీసులకూ అదే దస్తావేజు నకలు పట్టుకెళ్ళాలి. ఒకచోట 'షేక్ నాజియా' అని ఎక్కితే ఇంకోచోట 'నాజియా షేక్' అవుతుంది. అప్పుడు ఆ ఇద్దరూ ఒక్కరేనని చెప్పే కాగితం ఇంకొకటి పుట్టించాలి. ఏప్రిల్లో ఏడాది పన్నంతా ఒకేసారి కట్టేస్తే కొంత తగ్గిస్తారు. ఆ నెలంతా ఆయన ఇంటిపట్టున ఉండడు. మిగతా నెలల్లో పది రోజులకొకసారి ఒక్కో ఇల్లూ తెరుస్తాడు. కుళాయి విప్పి ఎర్రనీళ్ళు పోయేదాకా చూస్తాడు. ప్రతి గదిలో లైటు వేసి, వెలిగిందని చూసి, ఆర్పుతాడు. బాపట్ల గాలికి తాళాలు తుప్పు పట్టకుండా కొబ్బరినూనె చుక్కలు వేస్తాడు. ఎవరూ లేని ఇంట్లో కూడా ఎక్కువసేపు నిలబడడు. ఈ ఇంట్లో ఉన్నప్పుడు ఆ ఇల్లు గుర్తుకొస్తుంది. ఆ ఇంట్లో ఉన్నప్పుడు రైలు గుర్తుకొస్తుంది.

"కూర్చుంటే కుర్చీకి బిల్లొస్తుందా ఏంటి?" అంటుంది హెలెన్.

తొమ్మిది ఇళ్ళ తాళాలు ఆయన దగ్గర ఉండటానికి కారణం ఒక మాట. రాజు గారి రీడింగు తప్పదు. తెనాలిలో పాతవాళ్ళు అనే మాట అది. ఒకరి నోటినుంచి ఒకరికి పాకి మస్కట్ దాకా పోయింది. పొలం లేదు, ఇంకో ఇల్లు లేదు. ఆ మాటే ఆయన ఆస్తి.

మంగళవారం పొద్దున రేపల్లె ఇంట్లో పళ్ళు తోముకుంటుండగా మస్కట్ నుంచి ఫోను వచ్చింది. నాజియా. అక్కడ ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. పుట్టింది తెనాలిలోనే, అద్దె ఇంట్లో. మూడేళ్ళ కిందట మారీసుపేటలో చలపతిరావు అనే నూనె వ్యాపారి దగ్గర తన సంపాదనతో ఇల్లు కొన్నది. ఇంట్లో ఒక బ్యాంకు ఉద్యోగి అద్దెకు ఉండేవాడు. అతనికి బదిలీ అయి నాలుగు నెలలుగా ఇల్లు తాళం వేసి ఉంది.

"రాజంకుల్, కరెంటు బిల్లు చూశారా?"

"ఇంకా రాలేదుగా అమ్మా."

"యాప్‌లో వచ్చేసింది. నూట పన్నెండు యూనిట్లు. తాళమేసిన ఇల్లంకుల్. దెయ్యాలు ఫ్యానేసుకుని పడుకుంటున్నాయా?" నవ్వుతూనే అంది. "మొదటి నెల నలభై ఎనిమిది. పోన్లే, మీరు మోటారు అదీ వేసి చూస్తారుగా అనుకున్నా. తర్వాత డెబ్భై. ఆ తర్వాత తొంభై. ఇప్పుడిది. పక్కింటి చాచీ ఏమన్నా వైరు లాగిందా?"

"అమీనా బీ అలాంటి మనిషి కాదమ్మా."

"మరి ఎవరు అలాంటి మనిషి? ఆ ఇంటికి ఉన్నవి రెండు తాళంచెవులు. ఒకటి ఇక్కడ నా బ్యాగులో ఉంది."

రెండోది ఎక్కడుందో ఆమె అనలేదు. శాలేమురాజు నోట్లో నురగ అలాగే ఉంది. ఉమ్మి, "ఇప్పుడే వెళ్తున్నా" అన్నాడు.

టిఫిను తినలేదు. రైల్లో సీటు దొరికినా తలుపు దగ్గరే నిలబడ్డాడు. వేమూరు దాటాక పొలాల్లో నీళ్ళు మెరుస్తున్నాయి. ఆయన చూడలేదు. జేబులోంచి నోటుబుక్కు తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. నాజియా ఇంటి పేజీలో నాలుగు నెలల రీడింగులు ఆయన రాసినవే ఉన్నాయి. అంకెలు పెరిగాయి. తన చేత్తో రాసుకుని కూడా తను అడగలేదు, ఎందుకు పెరుగుతున్నాయని. చదవడమే అలవాటు. అడగడం అలవాటు లేదు.

మారీసుపేటలో అవి జంట ఇళ్ళు. ఒకే గోడకు అటొకటి ఇటొకటి. ఎప్పుడో అన్నదమ్ములు కట్టుకున్నవి. పెద్ద వాటా చలపతిరావు చేతుల మీదుగా నాజియాకు వచ్చింది. చిన్న వాటా అమీనా బీది. ఆమె భర్త బతికి ఉన్నప్పుడు కొన్నది. రెండిటికీ మధ్య సన్నటి సందు. ఆ సందు గోడకే చెక్క బోర్డు మీద రెండు మీటర్లు పక్కపక్కన ఉంటాయి. ఎడమవైపు మీటరు కింద ఎర్రరంగుతో 1186, అది అమీనా బీ సర్వీసు నంబరు. కుడివైపు 1187, అది నాజియా ఇంటిది.

అరచెయ్యి అడ్డం పెట్టి 1187 చదివాడు. రెండోసారి చదువుతూ ఆగిపోయాడు. కరెంటు వాడుతున్నప్పుడు మీటరులో ఎర్రచుక్క ఒకటి వెలిగి ఆరుతుంటుంది. తాళం వేసిన ఇంటి మీటరులో ఆ చుక్క గబగబా కొట్టుకుంటోంది.

ఇల్లు తెరిచాడు. అన్ని స్విచ్చులూ ఆఫ్‌లోనే ఉన్నాయి. గదులు వెతికాడు. మేడ ఎక్కాడు. పిట్టగోడ వెంట ఒక చివరనుంచి ఇంకో చివరకు నడిచాడు. ఎక్కడా కొత్త వైరు లేదు. గోడకు కన్నం లేదు. అమీనా బీ మీద అనుమానం తేలికైంది, మీటరు మీద అనుమానం బరువెక్కింది. దిగేటప్పుడు హాల్లో లైటు వేసి, దాన్ని అలాగే వదిలి సందులోకి వచ్చాడు.

"అన్నయ్య గారూ, ఏంటి పొద్దున్నే మేడలెక్కుతున్నారు? పావురాలు పెంచుతున్నారా?" అమీనా బీ కిటికీలోంచి చూస్తూ అడిగింది. అరవై దాటిన మనిషి. జాకెట్లు కుడుతుంది. మెడలో టేపు ఉంటేనే ఆమె ఆమెలా ఉంటుంది. "రండి, చల్లటి నీళ్ళు తాగి పోదురుగాని. కుండవి కాదు, ఫ్రిజ్జువి."

"ఫ్రిజ్జు ఎప్పుడు కొన్నారమ్మా?"

"పాతదేలెండి. పోయిన నెల." ఆమె సీసా తీసి, తడిచేతిని చెంపకు రాసుకుంది. "అల్లా దయ అన్నయ్య గారూ. నాలుగు నెలల నుంచి బిల్లు ఎంత తగ్గిందో. ఎందుకు తగ్గిందో నేనడగలేదు. అడిగితే మళ్ళీ పెరుగుద్దని భయం. మిషనుకు మోటారు కూడా మళ్ళీ పెట్టించా. ఇన్నేళ్ళూ కాలితో తొక్కి తొక్కి మోకాళ్ళు పోయినయ్యి. చూడండి, కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను."

శాలేమురాజు నీళ్ళు తాగాడు. నాలుగు నెలలు. పక్కింటికి తాళం పడిందీ నాలుగు నెలల కిందటే.

ఆమె మిషను ముందు కూర్చుంది. మోటారు గుర్రుమంది. ఆయన సందులోకి వెళ్ళి 1187 కింద ఉన్న ఫ్యూజు పట్టుకుని లాగాడు.

మిషను ఆగిపోయింది.

"అయ్యో, పోయిందా?" లోపలినుంచి ఆమె గొంతు.

నాజియా హాల్లో లైటు వెలుగుతూనే ఉంది. ఫ్యూజు మళ్ళీ పెట్టాడు. మిషను గుర్రుమంది. ఇప్పుడు 1186 ఫ్యూజు లాగాడు. మిషను ఆగలేదు. హాల్లో లైటు ఆరింది.

బోర్డు వెనక వైర్లు అడ్డంగా దాటాయి. కుడి మీటరు ఎడమ ఇంటిది. ఎడమ మీటరు కుడి ఇంటిది. నంబర్లు మాత్రం చూడటానికి బాగుండేలా ఎడమది ఎడమకు, కుడిది కుడికి రాసి ఉన్నాయి. ఏడంకెకు నడుము మీద చిన్న గీత ఉంది. శాలేమురాజు ఏడంకె అలాగే వేస్తాడు.

ఇరవై ఏళ్ళ కిందటి మధ్యాహ్నం గుర్తుకు రావడానికి ఆయన కష్టపడలేదు. చక్రం తిరిగే పాత మీటర్లు తీసి కొత్తవి బిగిస్తున్న రోజులు. లైన్‌మెన్లు బిగించి వెళ్ళిపోయారు. ఆ తరువాత ఒక్కో ఫ్యూజు లాగి, ఏ ఇంట్లో కరెంటు పోయిందో చూసి, అప్పుడు నంబరు వేసి, మీటరు నంబరుతో సహా పుస్తకంలో ఎక్కించాలి. పద్ధతి అది. ఆ రోజు చేతిలో రంగు డబ్బా ఉంది, ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి, సాయంత్రం రైలుంది. ఎడమది ఎడమకు రాశాడు. కుడిది కుడికి రాశాడు. అదే పుస్తకంలోకి ఎక్కింది.

అంటే ఇల్లు అమ్మేదాకా పదిహేడేళ్ళు చలపతిరావు ఏసీల కరెంటుకు, ఆ తరువాత బ్యాంకు ఉద్యోగి కరెంటుకు అమీనా బీ డబ్బు కట్టింది. ఆమె ఒక ఫ్యానుకూ రెండు లైట్లకూ చలపతిరావు కట్టాడు. "మీ కొత్త మీటరు మహ మంచిదండీ రాజు గారూ" అని ప్రతి దీపావళికీ చలపతిరావు స్వీటు పెట్టె ఇచ్చేవాడు. ఆయనకు తెలుసో తెలియదో. అడుగుదామంటే ఇప్పుడాయన లేడు. ఆమె మాత్రం ప్రతి నెలా సందులోకి వచ్చి నిలబడేది. సార్, మీటరు పరిగెడుతోంది సార్. ఒకసారి లోపలికొచ్చి చూడండి సార్. ఈయన లోపలికి వెళ్ళలేదు. మిషను మోటారు లాగుతుందమ్మా, అది తీసేయండి, తగ్గుతుంది అన్నాడు.

ఆమె తీసేసింది.

"వచ్చిందిలెండి," అమీనా బీ కిటికీలోంచి చెప్పింది. "ఉండండి, అన్నం తిని వెళ్దురు."

"లేదమ్మా, రైలుంది. బాపట్ల వెళ్ళాలి."

"మీకెప్పుడూ రైలేగా."

బాపట్లలో ఆ రోజు పనేమీ లేదు. అయినా వెళ్ళాడు. స్టేషను నుంచి నడిచి మెల్‌బోర్న్ వాళ్ళ ఫ్లాటుకు వెళ్ళి, మీటరు ముందు నిలబడి, అరచెయ్యి అడ్డం పెట్టాడు. అంకెలు కనిపించాయి. పైకి చదవలేదు. చెయ్యి దించాడు. కింద ఎవరో వేసిన నంబరు ఉంది. అది ఈ ఇంటిదేనని తనకెలా తెలుసు? ఫ్యూజు లాగి చూశాడు. ఇదే. రెండో ఇంటికి వెళ్ళి లాగి చూశాడు. మూడో ఇంట్లో కూడా. మూడూ సరిగానే ఉన్నాయి. అందుకు సంతోషం కలగలేదు.

బస్టాండులో నిలబడి బాలస్వామికి ఫోను చేశాడు. ఒకప్పుడు తనతో పనిచేసిన లైన్‌మ్యాన్, తెనాలిలోనే ఉంటాడు. సంగతంతా చెప్పలేదు. రెండు మీటర్లకు వైర్లు అటుదిటు అయ్యాయి అన్నాడు.

"అంతేనా సార్? పది నిమిషాల పని. బోర్డు విప్పి మార్చేస్తే ఎవరి కరెంటు వాళ్ళకే పోద్ది. రేపు తొమ్మిదింటికి వస్తా. ఎవురికీ చెప్పబాకండి, చెప్తే వంద కాగితాలు. ఇంతకీ ఆ నంబర్లేసిన మారాజు ఎవురు సార్?"

"ఎవరో," అన్నాడు శాలేమురాజు.

ఫోను జేబులో పెట్టుకోబోతుంటే అది మోగింది. నాజియా.

"వెళ్ళారా అంకుల్? ఏం తేలింది?"

"చూస్తున్నానమ్మా. రేపు చెప్తా."

"వైరు దొరికిందా?"

"రేపు చెప్తానమ్మా."

"రేపు పదింటిదాకా చూస్తానంకుల్. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో కంప్లైంటు పెట్టేస్తా. కరెంటు దొంగతనమని. స్క్వాడ్ వాళ్ళే వచ్చి చాచీని అడుగుతారు. నేను కష్టపడి కొనుక్కున్న ఇల్లు. ఎవరెవరో వాడుకుంటుంటే ఇక్కడ నాకు నిద్ర పట్టట్లేదు. మీరు మొహమాటపడుతున్నారని నాకు తెలుసు."

చెరుకుపల్లి మీదుగా రేపల్లె బస్సు. కిటికీ పక్కన కూర్చున్నాడు, లేచాడు, కండక్టరు "ఎక్కడ దిగుతారండీ" అంటే రేపల్లె దాకా అని చెప్పి మళ్ళీ కూర్చున్నాడు. దారి పొడవునా ఒకటే లెక్క. రేపు తొమ్మిదింటికి బాలస్వామి. తొమ్మిదీ పదికి వైర్లు సరి. పదింటిలోపు నాజియాకు ఫోను. సరిచేశానమ్మా, ఇక రాదు. ఆమె అనుకుంటుంది, అంకుల్ వైరు పీకేశారు, పాపం చాచీని బయటపెట్టలేదు అని. తాళాలు తాళాల దగ్గరే ఉంటాయి. మాట మాట దగ్గరే ఉంటుంది. అమీనా బీ బిల్లు పెరిగినా, ఆమె వాడిందే ఆమెకు వస్తుంది. అంతా సరే. మస్కట్‌లో ఒకరి మనసులో మాత్రం ఆమె దొంగగా ఉండిపోతుంది. ఆ సంగతి ఆమెకు ఎప్పటికీ తెలియదు. మోకాళ్ళ సంగతి కూడా తెలియదు.

ఇంట్లో హెలెన్ చారు పోసి, ప్రార్థన చేసి, కళ్ళు తెరిచేసరికి ఆయన కంచం ముందు లేడు. వరండాలో ఉన్నాడు. తమ సొంత మీటరు కింద నిలబడి ఉన్నాడు.

"అది పారిపోదు. వచ్చి తినండి."

వచ్చాడు. రెండు ముద్దలు తిని లేవబోయాడు. ఆమె ఎడమచేత్తో చొక్కా పట్టుకుంది. "ఎవరితో పోట్లాడారు?"

అప్పుడు చెప్పాడు. బాలస్వామి సంగతి కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఉప్పుగిన్నెను అటు జరిపాడు, ఇటు జరిపాడు. హెలెన్ మధ్యలో అడ్డు రాలేదు. ముప్పై ఏళ్ళు మూడో తరగతికి పాఠాలు చెప్పిన మనిషి. పిల్లవాడు చెప్పడం పూర్తయ్యేదాకా ఆగడం ఆమెకు అలవాటు.

"ఆ మోటారు తీసేయమన్నది ఎవరు?" అని అడిగింది.

"నేనే."

"ఎన్నేళ్ళు తొక్కింది?"

ఆయన ఉప్పుగిన్నెను మళ్ళీ జరిపాడు. ఆమెకు లెక్క వచ్చు.

కంచాలు తీస్తూ అంది, "పిల్లలు పలక మీద తప్పు రాస్తే ఉమ్మేసి చెరిపేసేవాళ్ళు. మళ్ళీ అదే తప్పు రాసేవాళ్ళు. అందుకే నేను నోటుపుస్తకంలో చెరపనిచ్చేదాన్ని కాదు. కొట్టేసి పక్కన రాయమనేదాన్ని. ఏం తప్పు రాశాడో కనపడుతూ ఉండాలి."

"నేను మూడో తరగతా?"

"ఫెయిలయ్యారుగా," అంది హెలెన్, నవ్వకుండా.

మర్నాడు మొదటి రైలుకు ముందే ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. మస్కట్‌లో ఇంకా తెల్లవారలేదని తెలిసి ఆగాడు. తెనాలిలో దిగాక, స్టేషను బయట టీ బండి పక్కన నిలబడి నాజియాకు ఫోను చేశాడు. వైరు లేదు, దొంగతనం లేదు, నంబర్లు తారుమారయ్యాయి, తారుమారు చేసింది నేను. అంతే చెప్పాడు. చాచీ కరెంటు నీ బిల్లులో వస్తోంది, నువ్వు కొన్నప్పటినుంచీ. నాలుగు నెలల కిందటిదాకా, ఇన్నేళ్ళూ ఈ ఇంటి కరెంటు ఆమె బిల్లులో పోయింది.

టీ బండివాడు గ్లాసులు కడుగుతున్న చప్పుడు నాజియాకు కూడా వినిపించి ఉంటుంది.

"నేను నిన్న మా అమ్మతో అనేశా అంకుల్, చాచీ దొంగ అని."

"మళ్ళీ ఫోను చేసి కాదని చెప్పమ్మా. నా పేరు చెప్పు."

"చెప్తా." కాస్త ఆగి, "మరి తాళాలు..." అంది.

"ఎవరికి ఇమ్మంటే వాళ్ళకిస్తా."

"ఆలోచించి చెప్తా అంకుల్."

తొమ్మిదింటికి బాలస్వామి టెస్టరూ స్క్రూడ్రైవరూ పట్టుకుని వచ్చాడు. శాలేమురాజు అతన్ని సందు మొదట్లోనే ఆపాడు. "ముట్టుకోవద్దు. ఆఫీసు వాళ్ళు వచ్చి చూసేదాకా ఇలాగే ఉండాలి. నంబర్లేసిన మారాజు ఎవరన్నావుగా, నేనే." బాలస్వామి ఆయన మొహం చూసి, బోర్డు చూసి, "ఊరుకోండి సార్" అన్నాడు. తరువాత టీ తాగి వెళ్ళిపోయాడు.

అమీనా బీ అంతా విన్నది. కత్తెర పక్కన పెట్టలేదు. రెండుసార్లు అడిగింది, నా మీటరు ఏది, వాళ్ళది ఏది అని. రెండుసార్లూ ఆయన ఫ్యూజు లాగి చూపించాడు. మూడోసారి ఆమె తనే కుంటుతూ సందులోకి వచ్చి లాగి చూసుకుంది. తన ఇంట్లో ఫ్యాను ఆగడం గుమ్మంలోంచి చూసింది.

"ఒకసారి లోపలికొచ్చి చూడండి సార్ అంటే, రైలుందన్నారు."

"అన్నానమ్మా."

"ఇప్పుడుందా రైలు?"

"లేదు."

"అయితే కూర్చోండి."

లోపలికి వెళ్ళి దారపుండలు పెట్టుకునే బిస్కెట్ డబ్బా తెచ్చింది. దాని అడుగున మడతల మీద చిరుగుతున్న కాగితం ఉంది. అప్పట్లో ఆఫీసులో ఆమె ఇచ్చిన అర్జీ. విచారణ రాసి ఆమెకు తిరిగి ఇచ్చిన నకలు. కింద నీలిసిరాతో మూడు వాక్యాలు ఉన్నాయి. స్థలమునకు వెళ్ళి పరిశీలించితిని. మీటరు సరిగానే ఉన్నది. వాడకము ఎక్కువ. దాని కింద శాలేమురాజు సంతకం.

"మూడు సార్లు ఇచ్చా. మిగతా రెండూ ఎటు పోయాయో. ఇది ఎందుకు దాచానో నాకే తెలీదు. మీరు చదువుకున్నోళ్ళు, రాశారు. నేను నమ్మా. నేనే ఎక్కువ వాడుతున్నానేమో అనుకున్నా. లైటు ఆర్పేసి కాజాలు కుట్టేదాన్ని, వీధి లైటు వెలుగులో."

శాలేమురాజు పెన్ను అడిగాడు. ఆమె లెక్కలు రాసుకునే పెన్ను ఇచ్చింది. మొదటి వాక్యమూ మూడో వాక్యమూ మీద ఒక్కో గీత పెట్టాడు. చదవడానికి వీలుండేలా సన్నగా పెట్టాడు. రెండో వాక్యం జోలికి పోలేదు. అది నిజమే. దాని పక్కనే మిగిలిన కాస్త చోటులో రాశాడు: నంబరు వేయుటలో తప్పు జరిగినది. రాసి చూసుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళు ఆఫీసులో అందరూ అలాగే రాశారు. తప్పులు వాటంతట అవే జరిగేవి. 'జరిగినది' కొట్టేసి, 'చేసితిని' అని రాశాడు. సంతకం పెట్టి ఇవాళ్టి తారీఖు వేశాడు.

"ఏం రాశారు? చదవండి," అంది ఆమె.

పైకి చదివాడు. ఒక్కసారే చదివాడు.

ఆమె సగం కుట్టిన జాకెట్టు, సూది, దారం సంచిలో వేసుకుంది. ఇంటికి తాళం పెట్టింది. "పదండి," అంది. ఆటోలో వెళ్ళారు. ఆమె ఎక్కడానికి ఆయన చెయ్యి ఇవ్వబోతే ఆటో కడ్డీ పట్టుకుంది.

కరెంటు ఆఫీసులో కౌంటరు వెనక మనీషా అనే అమ్మాయి కూర్చుని ఉంది. ఆ గుమ్మంలోంచి ఆయన కొన్ని వేలసార్లు వెళ్ళాడు, కౌంటరు ఇవతల నిలబడటం మాత్రం ఇదే మొదలు. అమ్మాయి కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇది పాత అర్జీ కదండీ. దీనిమీద తీసుకోరు. కొత్త కాగితం మీద, ఫారంలో రాసివ్వండి."

"ఫారం కూడా రాస్తానమ్మా. దాంతోపాటు ఇది కూడా ఎక్కాలి. ఇది లేకపోతే అది అర్థం కాదు."

"ఏఈ గారు సైటుకి వెళ్ళారు. ఆయనొచ్చి చెప్పాలి. ఎప్పుడొస్తారో తెలీదండి. రేపు రండి."

"ఆయనొచ్చేదాకా ఇక్కడే ఉంటాం."

గోడ పక్కన బల్ల ఉంది. అమీనా బీ ముందు కూర్చుంది, గోడ పట్టుకుని, ఒక్కో మోకాలూ వంచి. సంచిలోంచి జాకెట్టు తీసి హేమింగు మొదలుపెట్టింది. శాలేమురాజు నిలబడి ఉన్నాడు. గోడ మీద వరసగా మీటర్లున్నాయి, ఆఫీసువే. వాటివైపు చూడలేదు. పదకొండింటి రేపల్లె రైలు కూత దూరంగా వినిపించింది. ఆమె సూది ఆపి ఆయన వైపు చూసింది.

ఆయన ఆమె పక్కన బల్ల మీద కూర్చుని, కాగితం ఒళ్ళో పెట్టుకున్నాడు.